అడుగుకి డాలరు

మా మనవడు వ్యాపారంలో దిగాడు. వాడికి పదిహేడేళ్ళు. బడికి వేసవి సెలవులిచ్చి వారం తిరక్కుండానే పెరటి గుమ్మంలోంచి దూసుకు వచ్చి, "తాతా! రెండు వందల డాలర్లు! ఒక్క శనివారం పని!" అన్నాడు.

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు అలాగే వదిలేసి, వాడికి దిష్టి తీయడానికి లేచింది. నాకూ సంతోషం కలగలేదంటే అబద్ధం. రోడ్లు భవనాల శాఖలో ముప్పై అయిదేళ్ళు ఎస్టిమేట్లు వేసినవాణ్ణి. మా వంశంలో మూడు తరాల నుంచి జీతగాళ్ళమే గాని, ఒక ధర చెప్పి ఒక పని ఒప్పుకున్నవాడు ఇంతవరకు లేడు.

"ఏం పనిరా?" అన్నాను.

"డెక్కు తాతా. కడిగి, స్టెయిన్ వెయ్యాలి."

ఈ డెక్కు సంగతి పాఠకులకి కొంచెం చెప్పాలి. మా అబ్బాయి కాపురం అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ అనే ఊళ్ళో. ఏటా ఆరు నెలలు మేమిద్దరం ఇక్కడికి వచ్చి వుంటాం. మనకి ఇంటి ముందు అరుగు వుంటుంది గదా, వీళ్ళకి ఇంటి వెనక వుంటుంది. నేలకి మూడడుగుల ఎత్తున గుంజలు పాతి, వాటి మీద పైన్ చెక్కలు పరిచి, మూడు వైపులా చెక్క కటకటాలు కట్టి, కిందికి నాలుగయిదు మెట్లు దింపుతారు. అదే డెక్కు. సాయంకాలం కాఫీ అక్కడే, ఆవకాయ జాడీ ఎండబెట్టడం అక్కడే, మా ఆవిడ తులసి కుండీ కూడా అక్కడే.

పై కప్పు లేని చెక్క ఎన్నాళ్ళు బాగుంటుంది చెప్పండి? మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడి పైన్ చెట్ల పుప్పొడి, పెళ్ళిపందిట్లో పసుపు ఒలికినట్టు పడుతుంది. దాని మీద వాన, తరవాత ఎండ, నీడపట్టున పచ్చటి పాచి. రెండు మూడేళ్ళు ఉపేక్షిస్తే చెక్క బూడిదరంగు తేలి, పీచు లేచి, పగుళ్ళిస్తుంది. అంచేత కడిగి, ఆరబెట్టి, రంగు పట్టించాలి. ఈ రంగునే స్టెయిను అంటారు. పెయింటులా పైన పొరకట్టి కూర్చోకుండా చెక్కలోకి ఇంకుతుంది.

నాలుగిళ్ళ అవతల మన గుంటూరు వైపు దంపతులు వున్నారు. ఆవిడ మా కోడలికి వరసకి ఏమీ కాకపోయినా పిన్నిగారు. వాళ్ళ డెక్కు పని చూడమని, వ్యానేసుకుని తిరిగే ఒక మేస్త్రిని అంతకుముందే పిలిచారట. అతను అంతా చూసి 1,150 డాలర్లు అన్నాడట. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని మా వాడితో చెప్పుకుంది. మా వాడు అక్కడికక్కడే, "నేను రెండు వందలకి చేస్తాను ఆంటీ" అన్నాడు.

"సామాను ఎవరిదిరా?" అని అడిగాను.

"నాదే. స్టెయిన్ కూడా కలిపి. పదహారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, 192 చదరపు అడుగులు. అడుగుకి డాలరు. రౌండ్ చేసి 200. ఒక గ్యాలన్ డబ్బా 200 అడుగులకి వస్తుందని డబ్బా మీదే వుంది. దాని ఖరీదు 50. మిగతా 150 నాకు."

లెక్క చెప్పడంలో తడుముకోలేదు. కాని నాకెక్కడో చెప్పులో రాయి పడ్డట్టయింది. ఈ లెక్క ఎక్కడో విన్నాను.

"టేపు పట్రా" అన్నాను.

ఈ వీధిలో ఇళ్ళన్నీ 1999లో ఒకే బిల్డరు కట్టినవి. మా డెక్కూ వాళ్ళ డెక్కూ కవలపిల్లలు. అంచేత మాదే కొలిచాం. నేల 192, వాడు చెప్పింది నిజమే.

"మరి కటకటాల మాటేమిటి?"

"అవి నేల కాదు గదా?"

"స్టెయిను వెయ్యవా?"

వాడు మాట్లాడలేదు. మూడు వైపులా కలిసి 40 అడుగులు. మెట్ల దగ్గర ఖాళీ 4 తీసేస్తే 36. పసిపిల్లల తల దూరకుండా కర్రకీ కర్రకీ మధ్య నాలుగంగుళాల బంతి పట్టేంత సందు కూడా వుండగూడదని ఇక్కడి గృహనిర్మాణ నిబంధన. అందుకని నిలువు కర్రలు దగ్గర దగ్గరగా వున్నాయి. "లెక్కపెట్టు" అన్నాను. వాడు వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. 84 తేలాయి. కర్ర మందం అంగుళంన్నర, నాలుగు ముఖాలు, ఎత్తు రెండున్నర అడుగులు. అంటే ఒక్కొక్క కర్రకి అడుగుంబావు చదరం. మొత్తం 105. పైకమ్మీ, అడ్డకమ్మీలు, గుంజలు కలిపితే మరో 120. మెట్లు 40.

కూడితే 457 చదరపు అడుగులు. కటకటాలు ఒక్కటే నేలని మించిపోయాయి! పైగా నేల మీద పొడుగు కర్రకి కుంచె కట్టి నిలబడి రంగు లాగెయ్యవచ్చు. ఈ 84 కర్రల దగ్గర మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కదానికి నాలుగు ముఖాలూ చేత్తో వెయ్యవలసిందే.

మా వాడి ముఖం కొంచెం వాడింది. నేను పాతకాలపు ఓవర్సీరుని గనక మొదలుపెట్టిన ఎస్టిమేటు సగంలో వదలను. భోజనాల బల్ల మీద కాగితం పరిచాను.

"ముందు పని ఎలా చెయ్యాలో చెప్పు."

"మన మోటారుతో జోరుగా నీళ్ళు కొట్టి, మర్నాడు రంగు వేసెయ్యడమే."

జోరుగా కొడితే పైన్ చెక్క పీచు పీచు అవుతుంది. ముందు పాచి వదిలే మందు చల్లి, బ్రష్షుతో రుద్ది, ఆ తరవాత విసనకర్రలా విచ్చుకునే ధారతో, మెత్తటి వత్తిడి మీద, జానెడున్నర ఎడంగా పట్టి కడగాలి. బూడిదరంగు పోవడానికి ఆక్సాలిక్ ఆమ్లం కలిసిన రెండో మందు. తరవాత ఎండ వుంటే కనీసం రెండు రోజులు ఆరాలి. చెక్క మీద నాలుగు నీటిబొట్లు చల్లితే ఇంకిపోవాలి. ముత్యాల్లా నిలబడితే స్టెయినూ నిలబడుతుంది. అది నాలుగు నెలల్లో పొలుసులు లేస్తుంది.

ఇంకొకటి. ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన చెక్కని ఇళ్ళకి తయారు చెయ్యడం అమెరికాలో 2003 ఆఖరుకి ఆపేశారు. ఈ డెక్కులు అంతకు ముందువి. అటువంటి చెక్కని ఉప్పుకాగితంతో రుద్దితే లేచే ధూళి పీల్చకూడదు. ముక్కుకి తొడుగు కావాలి. ఊడ్చిన పొడి తులసి కుండీలో పడకూడదు.

నూనె స్టెయిను తుడిచిన గుడ్డలు కుప్పగా పారేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. మా వాడు నవ్వాడు, తాత భయపెడుతున్నాడనుకున్నాడు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం అలాగే తగలబడింది. 22వ అంతస్తులో చెక్కపని చేసినవాళ్ళు లిన్‌సీడు నూనె గుడ్డలు వదిలి వెళ్ళారు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఆ మాట విన్నాక నవ్వు ఆగింది. గుడ్డలు విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా మూత వున్న రేకుడబ్బాలో నీళ్ళు పోసి ముంచాలి. ఇది చెయ్యడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట కూడా ధరలో వుండాలి.

ఇప్పుడు లెక్క. 457 అడుగులకి ఒక పూత, నేలకీ మెట్లకీ పైకమ్మీకీ రెండో పూత వేస్తే, ఎండిన చెక్క తాగేది పోను నాలుగు డబ్బాలు కావాలి. అంటే 200 డాలర్లు. మా వాడు చెప్పిన ధర అక్కడికే సరి! కడిగే మందులు 40. కుంచెలు, గోడకి కప్పే ప్లాస్టిక్ పట్టాలు 30. మోటారు అద్దె 80.

"మోటారు మనదే గదా తాతా, అద్దె దేనికి?"

"మనదయితే అరగదా? రేపు చెడిపోతే కొత్తది మీ నాన్న కొనాలి. ఆ డబ్బు ఆంటీగారి డెక్కు కోసం ఖర్చయినట్టు కాదా?"

సామాను మొత్తం 350. ఇక గంటలు. కడగడానికి 7, లేచిన మేకులు దిగగొట్టి గోడకి పట్టాలు కప్పడానికి 3, మొదటి పూత 8, రెండోది 4, దుకాణానికి వెళ్ళిరావడానికీ అంతా సర్దడానికీ 2. వెరసి 24 గంటలు. వాడనుకున్న ఒక్క శనివారం కాస్తా మూడు రోజులయింది.

"గంటకి ఎంత వేద్దాం?" అన్నాను.

"ఎంతైనా ఫరవాలేదు. నాకేం ఖర్చులు లేవుగా?" అన్నాడు.

సరిగ్గా అక్కడే ఆగాను. ఈ వ్యాసమంతా ఆ మాట గురించే.

వాడికి ఖర్చులు లేవు, నిజమే. అన్నం తల్లి పెడుతుంది, పడక తండ్రిది, కారు తండ్రిది, జ్వరం వస్తే ఇన్సూరెన్సు తండ్రిది. కాని ఆ వ్యాను మేస్త్రికి ఇవన్నీ ఈ 84 కర్రల్లోంచే రావాలి. వాన కురిసిన రోజూ, పుప్పొడి పడే నెలా, చలికాలమూ అతనికి పనుండదు. వాటిలోని పస్తు కూడా పనున్న రోజే సంపాదించుకోవాలి. సొంతంగా పని చేసుకునేవాడు ఇక్కడ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల కింద 15.3 శాతం పన్ను తనే కట్టుకోవాలి. ఒకరి దగ్గర కొలువుంటే అందులో సగం యజమాని కడతాడు. ఈ దేశపు కేంద్ర ప్రభుత్వం 2009లో గంటకి కనీస కూలి 7 డాలర్ల 25 సెంట్లు అని పెట్టింది, ఇంకా అదే నడుస్తోంది. వ్యాను, ఇన్సూరెన్సు, ఖాళీ రోజులు పోను ఆ కూలితో ఎవడి సంసారమూ నడవదు. అంచేత గంటకి 25 వేశాను. 24 గంటలకి 600.

సామాను 350, కూలి 600, కలిసి 950. మన కేంద్ర ప్రజాపనుల శాఖవారు రేటు కట్టేటప్పుడు గుత్తేదారు లాభానికీ, పైఖర్చులకీ 15 శాతం కలుపుతారు. నాకు తెలిసిన ధర్మం అదే గనక అదే కలిపాను. 142 డాలర్ల 50 సెంట్లు. మొత్తం 1,092న్నర.

మేస్త్రి అడిగింది 1,150. పిన్నిగారు గుండె మీద చెయ్యి వేసుకున్న ధర!

"అయితే నేను తక్కువకి చేస్తే తప్పా తాతా? తక్కువకి ఇచ్చేవాడి దగ్గర కొనుక్కోవడం వాళ్ళ ఇష్టం గదా?"

వాడి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చేతివాటం వుండి, పన్నెండు గంటల్లో అదే పని చేసినవాడు తక్కువకి ఇస్తే తప్పు లేదు. అది వాడి ప్రజ్ఞ. తండ్రి ఇంట్లో తిని తక్కువకి ఇస్తే అది మాత్రం ప్రజ్ఞ కాదు, తండ్రి జీతంలోంచి పిన్నిగారికి ఇచ్చే కానుక. ఇస్తే ఇవ్వవచ్చు. కాని దానికి ధర అని పేరు పెడితే, రేపు ఆవిడ ఆ మేస్త్రిని దొంగ అంటుంది. కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో, కూలి ముందు మాట్లాడుకుంటే ఆ ప్రకారం ఇవ్వాలనీ, మాట్లాడుకోకపోతే పనినీ పట్టిన కాలాన్నీ బట్టి ఇవ్వాలనీ చెప్పాడు. చదరపు అడుగు కొలతేగాని కూలి కాదు.

ఇంత ధర్మం చెప్పి కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. అప్పుడు వాడు మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు. "నువ్వు ఎప్పుడూ ఇలాగే లెక్క కట్టావా తాతా?"

ఆఫీసులో కట్టాను. ఇంట్లో కట్టలేదు.

1988లో రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నాను. ఆరు టేకు తలుపులు, పలకల తలుపులు. సంక్రాంతికి గృహప్రవేశం. లక్క పాలిష్ వెయ్యడానికి ఒకతన్ని పిలిపించాను. ఒక తలుపు ఏడడుగులు బై మూడడుగులు, 21 చదరం. ఆరు తలుపులు 126. అడుగుకి 5 రూపాయలు, మొత్తం 630 అన్నాను. "రెండు వైపులా గదండీ బాబూ?" అన్నాడు. "రేటు రెండు వైపులకీ కలిపే" అన్నాను.

పలకల తలుపుకి రంగు కొలిచేటప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియదా? పలకల అంచులూ, గాడులూ లెక్కలోకి రావాలి గనక ఒక్కొక్క వైపు కొలతనీ 1.30తో గుణించాలని భారత ప్రమాణాల పుస్తకంలోనే వుంది. ఆ పుస్తకం నా బల్ల మీదే వుండేది. ఆ లెక్కన 327న్నర అడుగుల పైచిలుకు, అదే రేటుకి 1,638 రూపాయలు. నేను ఇచ్చింది 630. ఆ ఏడు వానలకి అతనికి పనులు లేవు. అది కూడా నాకు తెలుసు. తెలిసే బేరమాడాను.

ఆరు రోజుల్లో అవుతుందన్న పని పదకొండు రోజులు పట్టింది. ఉప్పుకాగితం పెట్టి రుద్దడం, గుడ్డ ఉండతో లక్క పట్టించడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. ఎక్కడా పూత తగ్గించలేదు, గాడుల్లో ఎక్కడా మసక వదల్లేదు. ఆఖరి రోజున డబ్బు లెక్కపెట్టి ఇస్తూ, "సరిపోయిందా?" అన్నాను. అతను లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, "ఇంజనీరుగారు కొలిచాక ఇంక తప్పేముంటుందండీ?" అన్నాడు.

అది ఎత్తిపొడుపో, అమాయకత్వమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. ఎత్తిపొడుపు అయితేనే బాగుండునని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. ఆ తలుపులు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా పాలిష్ చవకలో కానిచ్చానని నన్ను మెచ్చుకున్నారు.

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు కాసేపు టేపుని లోపలికీ బయటికీ లాగుతూ కూర్చుని, "ఆంటీకి 200 అని చెప్పేశాను. ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు.

మాట తప్పమని నేను చెప్పలేను. అలాగని తెలియక అన్న మాటకి మూడు రోజులు పనిచేసి చేతి డబ్బు వదులుకోమనీ చెప్పలేను. ఇద్దరం కలిసి ఒక కాగితం రాశాం. కడగడం వరకు సామాను 120, ఏడు గంటల కూలి 175, పైఖర్చులు 15 శాతం, మొత్తం 339. దాని కింద, "నేను తప్పుగా కొలిచినందుకు తగ్గింపు 139. ఇవ్వవలసినది 200." స్టెయిను పని తన వల్ల కాదనీ, ఆ మేస్త్రి అడిగిన ధర న్యాయమేననీ వాడే తన చేత్తో రాశాడు.

"మనవాళ్ళ దగ్గర ఈ కాగితాలేమిటండీ, ఆవిడ ఏమనుకుంటుంది?" అని మా ఆవిడ అంది. మనవాళ్ళు గనకనే కాగితం అన్నాను. తగ్గించదలుచుకుంటే ఎంతైనా తగ్గించవచ్చు. కాని ఎంతలోంచి తగ్గించామో ఎదుటివాడికి తెలియాలి. లేకపోతే తగ్గించిందే అసలు ధర అయి కూర్చుంటుంది.

పిన్నిగారు మొదట మొహం ముడుచుకున్న మాట నిజమే. "తాతా మనవడూ కలిసి నాకు లెక్కలు నేర్పుతున్నారా?" అంది. వాళ్ళాయన కాగితం రెండుసార్లు చదివి, తమ డెక్కు మీదికి వెళ్ళి నిలువు కర్రలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. తిరిగివచ్చి, "ఆ మేస్త్రి ఫోన్ నంబరు పారేశావా, వుందా?" అని ఆవిణ్ణి అడిగారు.

మా వాడు శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి మూడింటి దాకా కడిగాడు. మధ్యలో అన్నానికి గంటసేపు ఆగాడు. చేతులు బొబ్బలెక్కాయి. మంగళవారం మేస్త్రి వచ్చి, చెక్క మీద నీటిబొట్లు చల్లి చూసి, వాడి భుజం తట్టాడట. కడగడం అయిపోయింది గనక 800కి పని ఒప్పుకున్నాడు. మా వాడు ఆ రోజంతా వాళ్ళ పెరట్లోనే కూర్చుని అతను ఆ 84 కర్రలకీ రంగు వెయ్యడం చూసి వచ్చాడు. "ఒక్క కర్ర వెనకవైపు కూడా వదల్లేదు తాతా" అన్నాడు.

వాడి సంగతి సరే. నా 1,008 రూపాయల బాకీ అలాగే వుంది. ఆ పాలిష్ మనిషి పేరు నా డైరీలో వుందిగాని, అతని పేట వాళ్ళకి కూడా అతను ఏ ఊరు తరలిపోయాడో తెలియదు. పోయిన ఏడు వెళ్ళి అడిగి వచ్చాను.

పండగ వస్తోంది. మీ ఇళ్ళల్లో సున్నాలూ, రంగులూ, పాలిష్‌లూ మొదలవుతాయి. బేరం ఆడవద్దని నేను చెప్పను, మనం మానం. కాని టేపు తీసేటప్పుడు, తలుపుకి అవతలి వైపు కూడా ఒకసారి వెళ్ళి చూసి రండి.